ఉగాది నుంచి మృగశిర దాకా

ఉగాది దగ్గర పడిందంటే హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ గల్లీల్లోకి మొక్కల బండ్లు వచ్చేస్తాయి. గులాబీలు, మందారాలు, అప్పుడే మొగ్గ తొడిగిన మల్లెలు నల్ల ప్లాస్టిక్ సంచుల్లో నిగనిగలాడుతుంటాయి. అపార్ట్‌మెంటు గేటు దగ్గర బండి ఆగితే చాలు, నలుగురు చేరతారు. బేరం కుదురుతుంది. ఓ నాలుగు మొక్కలు డాబా ఎక్కుతాయి. కొత్త సంవత్సరం, వేపపూత, మామిడి పిందె. తోట మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి రోజు ఏముంటుంది అనిపిస్తుంది. ఈ పూట నేను మీతో వాదన పెట్టుకునేది సరిగ్గా ఇక్కడే. ఇంటితోటకు మన ఊళ్ళో ఏడాది ఉగాదితోనే మొదలవుతుంది. ఆ మాట నిజమే. అయితే అప్పుడు మొదలయ్యేది మట్టి పని. నాటే పనికి ఇంకా వ్యవధి ఉంది. అది మృగశిర కార్తె వచ్చాక, జూన్‌లో. ఈ రెండింటికీ మధ్య రెండు, రెండున్నర నెలలు ఉంటాయి. ఆ నెలలు మట్టికి ఇవ్వండి. ఈ ప్రసంగమంతటిలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటే అది ఇదే కావాలి: ఉగాదికి మట్టి, మృగశిరకు మొక్క.

మరి వసంతం రాగానే విత్తాలి అన్న మాట మనకు ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు చలిదేశాల నుంచి. ఇంగ్లండులోనో, అమెరికా ఉత్తరాదిలోనో చలికాలం నేల గడ్డకట్టుకుపోతుంది. మంచు పడినన్నాళ్ళూ అక్కడ లేత మొక్క బతకదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మంచు వెనక్కి తగ్గుతుంది. నేల మెల్లగా వెచ్చబడుతుంది. ఆపైన నాలుగైదు నెలలు మెత్తటి ఎండ. అందుకే వాళ్ళు వసంతం కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తారు. వాళ్ళ తోటపని పుస్తకాలు, వీడియోలు ఆ సంగతే చెబుతాయి. వాళ్ళకు అది నూటికి నూరుపాళ్ళు సరైన మాట. మొక్కను చంపేది ఏదో తెలుసుకుని, అది వెళ్ళిపోయాక నాటమంటున్నారు. మనమూ అదే సూత్రం పాటిద్దాం. మన దగ్గర లేత మొక్కను చంపేది ఏమిటి? మంచు మన ఊళ్ళో పడదు. మే నెల ఎండ చంపుతుంది. అది మార్చిలో ఇంకా రానే లేదు. వెళ్ళేది జూన్ రెండో వారంలో, నైరుతి రుతుపవనం వచ్చాక. హైదరాబాదులో ఏడాది మొత్తం మీద సగటున 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో సుమారు ముప్పాతిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. అంటే చలిదేశాల వాళ్ళకు మార్చి ఎలాంటిదో, మనకు జూన్ అలాంటిది. సూత్రం ఒక్కటే, నెల మారింది.

ఉగాదికి కొన్న మొక్క మే నెలలో ఏమవుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. మన బండ్ల మీదికి వచ్చే మొక్కల్లో చాలావాటికి పుట్టిల్లు తూర్పు గోదావరి జిల్లాలోని కడియం నర్సరీలు. అక్కడ గాలిలో తేమ ఉంటుంది. నెత్తి మీద నీడ వల ఉంటుంది. వేళకు నీళ్ళు అందుతాయి. అలా పెరిగిన మొక్క లారీ ఎక్కి వచ్చి, మన డాబా మీద నిలబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగటి వేడి 40 డిగ్రీల దాకా పోతుంది, కొన్నాళ్ళు దాటుతుంది కూడా. అదైనా నీడలో కొలిచిన లెక్క. డాబా మీద పైన ఎండ, కింద కాలిన సిమెంటు, పక్కన పిట్టగోడ వేడి. నేలలో పాతుకున్న చెట్టుకు వేళ్ళు లోపలి చల్లదనంలో ఉంటాయి. కుండీలో మొక్కకు ఆ అదృష్టం లేదు. నల్లటి ప్లాస్టిక్ తొట్టి అయితే అంచున ఉన్న వేళ్ళు ఉడికినంత పని అవుతుంది. టమాటా సంగతి తీసుకోండి. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే దాని పుప్పొడి పనిచేయదు. పూత వస్తుంది, రాలిపోతుంది. కొత్తిమీర ఆకు నిలవక పూతకు పోతుంది. ఇంట్లో వాళ్ళు తమ చేతిదే దోషం అనుకుంటారు. మా చేత్తో ఏం పెట్టినా బతకదండీ అంటారు. చేతిలో దోషం ఏమీ లేదు. నెలలో ఉంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మన క్యాలెండరు, మన రైతు ఎప్పటి నుంచో చెబుతున్నదే. ఉగాది నాడు గుడిలో కూర్చుని పంచాంగం వింటాం. ఈ ఏడు వానలెలా ఉంటాయి, పంటలెలా ఉంటాయి అని వింటాం. విని అటునుంచి అటే నాగలి పట్టుకుని విత్తనాలకు వెళ్ళం. విత్తనాలకు ముందు చేసే ఏరువాక జ్యేష్ఠ పౌర్ణమి నాడు వస్తుంది. చైత్రంలో లెక్క చూసుకుని, జ్యేష్ఠంలో విత్తుకు దిగమన్నారు. మధ్యలో రైతు ఖాళీగా కూర్చుంటాడా? కూర్చోడు. వేసవి దుక్కులు దున్నుతాడు. పెళ్ళలు ఎండకు కాలి, లోపల దాక్కున్న పురుగుల గుడ్లు, కలుపు వేళ్ళు బయటపడి చస్తాయి. చేలో రాత్రిళ్ళు గొర్రెల మందను నిలుపుతాడు, ఎరువు కోసం. ఎండిన చెరువులోంచి పూడిక మట్టి తవ్వి చేనుకు తోలుకుంటాడు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినప్పుడు ఆ మట్టి పొలాలకు చేరింది ఈ పాత అలవాటు వల్లనే. ఇవన్నీ వేసవి పనులు, ఇవన్నీ మట్టి పనులు. ఆ మాటకొస్తే మన ఇళ్ళలోనూ వేసవి అంటే ఏడాదికి సరిపడా సిద్ధం చేసుకునే కాలమే. ఆవకాయ పెట్టేది అప్పుడే. తినేది ఏడాది పొడుగునా. మట్టిని కూడా అలాగే పెట్టుకోవాలి.

సరే, మట్టి పని అంటే ఏం చేయాలి? ముందు పాత కుండీని చూడాలి. పోయినేడు టమాటానో వంకాయో పెట్టిన కుండీ ఒకటి దగ్గరికి లాక్కోండి. మట్టి అంచు నుంచి నాలుగు వేళ్ళు కిందికి దిగిపోయి ఉంటుంది. కలిపిన ఎరువు చివికి, మొక్క తినేసి, కరిగిపోయింది. పైన బెరడు కట్టింది. అంచు చుట్టూ తెల్లటి పొర ఉంటుంది. అది బోరు నీళ్ళలోని ఉప్పు. ఒక చెంబు నీళ్ళు పోయండి. నీళ్ళు మట్టిలోకి ఇంకవు. మట్టి కుదించుకుపోయి కుండీ గోడను వదిలేసింది కదా, ఆ సందులోంచి జారి, అడుగు చిల్లులోంచి బయటికి వచ్చేస్తాయి. మనం రోజూ నీళ్ళు పోశాం అనుకుంటాం. మొక్కకు దక్కినవి చాలా తక్కువ. ఇప్పుడు కుండీని బోర్లించండి. వేళ్ళను చేత్తో పట్టుకుని చూడండి. సన్నగా, సాఫీగా ఉంటే సరే. ఆవగింజల్లా, శనగగింజల్లా బుడిపెలు కనిపిస్తే అవి నులిపురుగులు చేసిన పని. ఆ మట్టిలో మళ్ళీ టమాటా, వంగ, బెండ వేస్తే ఎంత మంచి విత్తనమైనా ఎదగదు. చూశారా, మొక్క మార్చితే తీరే జబ్బు కాదు ఇది. మట్టికి వచ్చిన జబ్బు. మట్టికే మందు వేయాలి. ఆ మందు ఈ రెండు నెలల్లో మనకు ఉచితంగా దొరుకుతుంది. అదే ఎండ.

ఏ ఎండ మొక్కను చంపుతుందో, ఆ ఎండే మట్టిని బాగుచేస్తుంది. దీని మీద శాస్త్రవేత్తలు గట్టి పనే చేశారు. ఇజ్రాయెల్‌లో 1976లో పరిశోధకులు ఒక చిన్న ఉపాయం లోకానికి చెప్పారు. నేలను బాగా తడిపి, మీద పలచటి, ఆర్‌పార్ కనిపించే ప్లాస్టిక్ కాగితం పరిచి, అంచులు మట్టితో మూసి, మండు వేసవిలో నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయడం. లోపల వేడి పెరిగి తెగుళ్ళ శిలీంధ్రాలు, నులిపురుగులు, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో 1980లలో కంది మీద, శనగ మీద ఈ పద్ధతిని పరీక్షించారు. ఇంట్లో ఇంకా తేలిక. కుండీల మట్టిని వేళ్ళు ఏరి, పెళ్ళలు చిదిపి, కాస్త తడపండి. తడి తప్పనిసరి, ఎందుకంటే తడిలోనే వేడి లోపలికి పాకుతుంది. ఆ మట్టిని ఆర్‌పార్ కనిపించే ప్లాస్టిక్ సంచుల్లో జానెడు మందానికి మించకుండా నింపి, మూతి కట్టి, ఎండ బాగా తగిలే చోట పరవండి. నల్ల ప్లాస్టిక్ వద్దు. నలుపు వేడిని తనలోనే ఉంచుకుంటుంది. ఆర్‌పార్ కనిపించేదైతే ఎండను లోపలికి పోనిస్తుంది. వారానికోసారి సంచి తిరగేయండి. ఇంకో మాట, ఎరువు ఇప్పుడు కలపొద్దు. ఎరువులో మేలు చేసే ప్రాణులు ఉంటాయి. వాటిని కూడా ఎండలో పెట్టి చంపుకోవడం దేనికి? ముందు ఎండ, తరవాత ఎరువు. ఈ వరుస మరిచిపోకండి.

మట్టి ఎండలో ఉండగా, నీడలో రెండో పని సాగాలి. అది ఎరువు. ఇక్కడ కాలం మనకు ఎంత అనుకూలంగా ఉందో చూడండి. వేప, రావి, కానుగ ఆకు రాల్చేది ఫాల్గుణ, చైత్రాల్లోనే. ఇందిరా పార్కు చుట్టూ, నారాయణగూడ మేల్కోటే పార్కు పక్కన, ఏ చెట్టున్న గల్లీలో చూసినా పొద్దున్నే ఊడ్చిన ఆకుల కుప్పలు ఉంటాయి. కొన్నిచోట్ల వాటికి నిప్పు పెడతారు. పొగ ఇళ్ళలోకి వస్తుంది, ఎరువు గాలిలో కలుస్తుంది. అదే వేళకు చెరకు రసం బండి దగ్గర పిప్పి పోగుపడుతుంది. కొబ్బరి బోండాల దగ్గర డొక్కలు గుట్టపడతాయి. ఇంట్లో పుచ్చకాయ, ఖర్బూజా తొక్కలు, మామిడి తొక్కలు. ఎండుటాకు, పిప్పి పొడిసరుకు. తొక్కలు తడిసరుకు. ఎరువుకు ఈ రెండే కావాలి. ఇప్పుడు వ్యవధి లెక్క చూడండి. ఇండోర్‌లో సర్ ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ కలిసి పొలం చెత్తను ఎరువుగా మార్చే పద్ధతిని తీర్చిదిద్ది, 1931లో పుస్తకంగా వెలువరించారు. ఇండోర్ పద్ధతి అని ఇప్పటికీ దానికి పేరు. ఆ పద్ధతిలో చెత్త ఎరువయ్యేందుకు పట్టేది దాదాపు మూడు నెలలు. హోలీ నాటికి ఆకు పోగు చేసి మొదలుపెడితే మృగశిర నాటికి దాదాపు మూడు నెలలు అవుతాయి. ఉగాదికి మొదలుపెట్టినా, మన వేసవి వేడికి, తడి ఆరనివ్వకుండా చూసుకుంటే, వానల నాటికి వాడుకునేలా తయారవుతుంది. అదే జూన్‌లో మొదలుపెడితే? ఎరువు సెప్టెంబరుకు చేతికొస్తుంది. వానాకాలం అప్పటికి వెళ్ళిపోతుంటుంది. నేను ఉగాదినే పట్టుకుని వేలాడుతున్నది ఇందుకే.

ఇక్కడ మీలో కొందరు అడ్డు చెబుతారని తెలుసు. అపార్ట్‌మెంటులో ఎరువు అంటే కంపు కాదా? పురుగులు పట్టవా? పక్కింటివాళ్ళు ఊరుకుంటారా? న్యాయమైన ప్రశ్నలే. జవాబు ఏమిటంటే, కంపు తడి ఎక్కువైతే వస్తుంది, గాలి ఆడకపోతే వస్తుంది. ఒక పాత పెయింటు డబ్బా తీసుకోండి. అడుగున, పక్కల చిల్లులు పెట్టండి. అడుగున నాలుగు వేళ్ళ మందం ఎండుటాకు. మీద ఆ రోజు కూరగాయల తొక్కలు, టీ పొడి. దాని మీద రెట్టింపు ఎండుటాకు. తొక్క ఒకటి వేస్తే ఆకు రెండు, ఇదే కొలత. ఒక పిడికెడు పాత మట్టో, కాసిని పుల్లమజ్జిగో చల్లితే చివకడం తొందరగా అందుకుంటుంది. అన్నం, కూరలు, నూనె తగిలినవి, మాంసం వేయొద్దు. పురుగు పట్టేది వాటికే. వారానికోసారి కలియబెట్టండి. గుప్పెడు తీసి నొక్కితే చేతికి చెమ్మ తగలాలి, నీళ్ళు కారకూడదు. నీళ్ళు కారితే ఇంకొంచెం ఆకు. పొడిపొడిగా ఉంటే బియ్యం కడిగిన నీళ్ళు. చివరికి నల్లగా, పొలపొలలాడుతూ, తొలకరి మట్టి వాసన వేస్తే అది తయారైనట్టు. తొక్క తొక్కలాగే కనిపిస్తుంటే ఇంకా కాలేదు. పచ్చి ఎరువు మొక్కకు మేలు చేయకపోగా వేళ్ళను దెబ్బతీస్తుంది.

ఇంకొక అభ్యంతరం. ఇంత శ్రమ ఎందుకు, కలిపిన మట్టి సంచుల్లో అమ్ముతున్నారు కదా అని. అమ్ముతున్నారు. కొనడం తప్పేమీ కాదు. అయితే ఆ సంచుల్లో చాలావాటిలో ఎక్కువ పాలు కొబ్బరి పొట్టే. అది తేలిక, నీటిని బాగా పట్టి ఉంచుతుంది. కానీ మొక్కకు తిండి అందులో బహు తక్కువ. ఏడాది తిరిగేసరికి అది కూడా చివికి కుంగిపోతుంది. అప్పుడు మళ్ళీ కొనాలి. ఎరువు చేసుకోవడం తెలిసిన ఇల్లు ప్రతి ఏడూ పాత మట్టినే కొత్తది చేసుకుంటుంది. మనది ఎర్రనేల, గ్రానైటు రాయి అరిగి ఏర్పడిన చల్కా నేల. నీరు ఇట్టే వదిలేస్తుంది, సారం తక్కువ. దానికి కావలసింది ఆకు ఎరువే. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, కుండీకి ఒక గుప్పెడు వేప పిండి, ఇది మన మేడలకు సరిపడే మిశ్రమం. మట్టి ఎక్కడి నుంచి తెస్తున్నారో కూడా చూసుకోండి. ఇల్లు కూల్చిన చోట ఉచితంగా దొరికే మట్టిలో సున్నం, సిమెంటు ఉంటాయి. అశోక్‌నగర్ పక్కగా పోయే హుస్సేన్‌సాగర్ నాలా ఒండ్రు చూడ్డానికి నల్లగా, మెత్తగా, సారవంతంగా కనిపిస్తుంది. ఊరి చెరువు పూడిక మట్టి వేరు, ఇది వేరు. దశాబ్దాలుగా కూకట్‌పల్లి నాలా ద్వారా ఫ్యాక్టరీల మురుగు చేరిన హుస్సేన్‌సాగర్ నుంచి వచ్చేది ఇది. ఆ ఒండ్రును తినే కూరగాయల దరిదాపుల్లోకి కూడా రానివ్వకండి.

నీళ్ళ సంగతి ఏమిటంటారా? వేసవిలో నల్లా ఎప్పుడొస్తుందో చూసుకునే ఇళ్ళు, ట్యాంకరు కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్లు మనకు తెలియనివి కావు. తాగడానికే చాలని చోట తోటేమిటి అని అడిగితే, ఆ ప్రశ్న నా వాదనకే బలం ఇస్తుంది. మే నెలలో డాబా మీద నాటిన మొక్కకు రోజుకు రెండు పూటలా నీళ్ళు కావాలి. సంచిలో ఎండకు పెట్టిన మట్టిని ఒక్కసారి తడిపితే చాలు. ఎరువు డబ్బాకు వారానికి ఒకటి రెండు చెంబులు, అవీ బియ్యం కడిగినవి. ఏసీ నుంచి కారే నీళ్ళు మొక్కలకు పోయొచ్చు. నీళ్ళ ఫిల్టరు వదిలేసే నీళ్ళలో మాత్రం ఉప్పు పేరుకుని ఉంటుంది, కుండీలకు వద్దు. మరి ఇప్పటికే ఉన్న మొక్కల మాటో? వాటిని కాపాడుకోవాలి. కొత్తవి తెచ్చుకోవద్దన్నానే గానీ ఉన్నవాటిని వదిలేయమనలేదు. అన్నిటినీ ఒకచోటికి చేర్చండి. పైన ఆకుపచ్చ నీడ వల కట్టండి. కుండీ మట్టి మీద రెండు వేళ్ళ మందం ఎండుటాకు కప్పండి. నీళ్ళు పొద్దున్నే పోయండి. గులాబీని, మందారాన్ని ఇప్పుడు కత్తిరించకండి. కొమ్మకు ఆకే నీడ. మల్లె ఇప్పుడు పూసే కాలం, దాని జోలికి పోవద్దు, కత్తిరింపు చలికాలంలో. బచ్చలి, గోంగూర, తోటకూర వేసవిలోనూ వస్తాయి కదా అంటారు. వస్తాయి, కాదనను. కానీ అవి వచ్చేది మట్టి ముందే సిద్ధంగా ఉన్న చోట, మధ్యాహ్నం కాస్త నీడ ఉన్న చోట. అలాంటి కుండీ ఒకటి రెండు ఉంటే వేసుకోండి. ఈ మినహాయింపు కూడా మట్టి ముందు, మొక్క తరవాత అనే చెబుతోంది.

మట్టితో పాటు ఈ రోజుల్లోనే చూసుకోవలసింది ఇంకొకటి ఉంది. డాబా. తడి మట్టి ఎంత బరువుంటుందో చాలామంది ఊహించరు. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు జాగాలో అడుగు ఎత్తున తడి మట్టి పోస్తే అది దాదాపు అర టన్ను. మనుషులు తిరిగే డాబాకు ఇంజనీర్లు వేసుకునే బరువు లెక్క అదే జాగాకు సుమారు 150 కిలోలు. అందుకని డాబా మధ్యలో ఇటుకలు కట్టి మట్టి నింపేయకండి. బరువైన తొట్లు స్తంభాల మీదికి, దూలాల మీదికి వచ్చేలా, అంచుల వెంబడి పెట్టండి. ఏ దూలం ఎక్కడుందో తెలియకపోతే ఇంజనీరును అడగండి. చిక్కడపల్లి, నారాయణగూడ పాత ఇళ్ళ పైకప్పులైతే అడగకుండా ఒక్క తొట్టి కూడా ఎక్కించొద్దు. పగుళ్ళు పూడ్చడం, లీకేజీ మందు పూయడం కప్పు పొడిగా ఉన్నప్పుడే సాధ్యం. వానలు పడ్డాక ఆ పని కాదు. కుండీలు నేలకు ఆనకుండా ఇటుక ముక్కల మీద ఎత్తి పెడితే కింద గాలి ఆడుతుంది, నీరు నిలవదు. డాబా మోరీల్లో ఆకులు, ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కుని ఉంటే ఇప్పుడే తీయండి. కుండీ కింది పళ్ళేల్లో నీరు నిలిస్తే జూలై నాటికి అవి దోమల తొట్లు అవుతాయి, ఆ తరవాత ఇంటింటా డెంగీ భయం. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి, వడగళ్ళు కూడా తప్పవు. పిట్టగోడ మీద కుండీలు ఉంటే దించండి. కింద గల్లీలో నడిచే మనిషి నెత్తి మన తోటకన్నా విలువైనది.

ఇదంతా సొంత ఇల్లు ఉన్నవాళ్ళకు, మేము అద్దెకుంటున్నాం, మాకేం తోట అనేవాళ్ళు ఈ మూడు పేటల్లో చాలామందే ఉంటారు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలకు కిటికీ గట్టు తప్ప వేరే జాగా లేదు. వాళ్ళకు నా మాట ఇంకా బాగా అతుకుతుంది. అద్దె ఇళ్ళు మారడం పిల్లల బడి సెలవుల్లో, మే నెలలోనే ఎక్కువ. ఉగాదికి పది మొక్కలు పెట్టుకున్నవాళ్ళు మేలో వాటిని ట్రాలీ ఆటోలో ఎక్కించాలి. సగం విరుగుతాయి, సగం వాడతాయి. సంచుల్లో మట్టి, డబ్బాలో ఎరువు ఉన్నవాళ్ళకు ఆ బెంగ లేదు. ఎక్కడికి వెళితే అక్కడికి వస్తాయి. కొత్త ఇంట్లో వాన పడ్డాక, ఎండ ఎటు వస్తుందో చూసుకుని నాటుకోవచ్చు. గది ఒక్కటే ఉన్నవాళ్ళు కూడా ఒక డబ్బా ఎరువు చేసి, రెండు కుండీల్లో పుదీనా, గోంగూర వేసుకోవచ్చు. తోట అంటే జాగా ఎంత అని కొలవక్కర్లేదు. మట్టి ఎంత బాగుంది అన్నదే కొలత.

ఇక మృగశిర వచ్చాక ఏం జరుగుతుందో కూడా చెప్పి ముగిస్తాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ కార్తె జూన్ మొదటివారంతో వెళ్ళిపోతుంది. అది వెళ్ళేలోగా సంచుల్లో మట్టి బయటికి తీసి, ఎరువు, వేప పిండి కలిపి, కుండీలు నింపి, వారం పది రోజులు ఊరికే ఉంచండి. మట్టి సర్దుకుంటుంది. ఒకటి రెండు మంచి వానలు పడ్డాక బీర, సొర, కాకర గింజలు పెట్టండి. వంగ, మిరప నారు పోయండి. పందిరి చిక్కుడు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దాన్ని మార్చిలో పెట్టినా తీగ సాగుతుందే గానీ పూత రాదు. పగటి పొద్దు తగ్గితే తప్ప పూయని నాటు రకాలు చాలా ఉన్నాయి. జూన్, జూలైలో పెట్టిన పాదూ చలికాలానికే కాస్తుంది, మార్చిలో పెట్టిన పాదూ చలికాలానికే కాస్తుంది. తొందరపడినవాళ్ళకు మిగిలేది మే నెల నీళ్ళ మోత ఒక్కటే. వానలు తగ్గాక, సెప్టెంబరు, అక్టోబరుల్లో టమాటా, పాలకూర, మెంతి, కొత్తిమీర, క్యాబేజీ. అన్నిటికీ వేసవిలో చేసిన ఆ మట్టే ఆధారం. ఏడాదికి రెండు పంటలు, ఒక్క తయారీ.

కాబట్టి మరోసారి. పాత మట్టి తీసి ఎండకు పెట్టండి. రాలిన ఆకు పోగు చేసి ఎరువుకు పెట్టండి. ఉన్న మొక్కలకు నీడ పట్టండి. డాబా చూసుకోండి. కొత్త మొక్క మాత్రం వాన పడేదాకా ఆగండి. ఆగడమంటే చేతులు ముడుచుకోవడం కాదని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇంత పని చేసినవాళ్ళకు జూన్‌లో మిగిలేది గింజ పెట్టడం ఒక్కటే. ఆ పని మీ ఇంట్లో చిన్నపిల్లలైనా చేసేస్తారు. రేపు పొద్దున్న ఎండ ముదరకముందు ఒక్క కుండీని బోర్లించి చూడండి. మిగతా పనులేమిటో ఆ మట్టే మీకు చెబుతుంది. ఉగాదికి మట్టి, మృగశిరకు మొక్క.